అశోక్‌నగర్ బిట్టు, చిక్కడపల్లి మచ్చ

అశోక్‌నగర్‌లో ఏ హాస్టల్ గది తలుపైనా అర్ధరాత్రి తట్టి, ‘కింది వాటిలో వాయు కాలుష్య సూచికలు ఏవి?’ అని అడగండి. ఆప్షన్లు చదివే అవకాశం కూడా మీకివ్వరు. ‘లైకెన్లు’ అనేసి మళ్లీ పుస్తకంలో తల దూరుస్తారు. గ్రూప్-1 వాళ్లూ, గ్రూప్-4 వాళ్లూ, ఎస్సై వాళ్లూ అందరూ చదివిన బిట్టే అది. ఏ వాయువుకు సూచిక అంటే సల్ఫర్ డయాక్సైడ్. అందులో ఎవరెవరుంటారంటే శైవలం, శిలీంధ్రం. ఒకరి పేరు ఫైకోబయాంట్, ఇంకొకరి పేరు మైకోబయాంట్. మార్కు పడింది, పేజీ తిరిగింది.

తమాషా ఏమిటంటే, ఆ బిట్టు చదివి చదివి అలిసి టీ తాగడానికి కిందికి దిగినవాళ్లు భుజం ఆనించి నిలబడేది లైకెన్ పట్టిన చెట్టుకే కావచ్చు. చొక్కాకీ దానికీ మధ్య వెంట్రుకవాసి దూరం లేదు, పరిచయం మాత్రం లేదు. వాళ్లననీ లాభం లేదు లెండి, వాళ్లకు సిలబస్ ఉంది. మీకూ నాకూ సిలబస్ లేదు కనుక కాసేపు ఆ చెట్టు దగ్గర నిలబడి కబుర్లాడుకుందాం.

ఆ మధ్య చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లో ఒక పాత మామిడి చెట్టు మొదట్లో భూతద్దం కంటికి పెట్టుకొని చూస్తుంటే, చంకలో కరెంట్ అఫైర్స్ పుస్తకం పెట్టుకున్న కుర్రాడొకడు ఆగాడు.

‘ఏం చూస్తుండ్రు సార్, చీమలనా?’

‘లైకెన్ బాబూ.’

‘లైకెనా? అది అరకులనో, ఊటీలనో ఉంటది గద సార్. ఈడ ఇంత పొల్యూషన్‌ల ఎట్లుంటది?’

ప్రశ్న మంచిది. ఇంటర్ వృక్షశాస్త్రంలో లైకెన్లు కలుషిత ప్రాంతాల్లో పెరగవనే మనందరం చదువుకున్నాం. హిమాయత్‌నగర్ తెలుగు అకాడమీ పుస్తకాలు ముందేసుకొని కూర్చునే పేటలో ఆ మాట కాదనడానికి ధైర్యం కావాలి. నేను మాటల జోలికి పోకుండా భూతద్దం అతని చేతికిచ్చాను. నగల షాపుల్లో వాడతారే, పది రెట్లు పెద్దది చేసి చూపించే బుల్లి లూపు, అది. కుర్రాడు మొహం బెరడుకు ఆనించి చాలాసేపు చూశాడు.

‘బొట్లు బొట్లున్నయ్ సార్. నల్లగ. చుట్టూ తెల్లగ గీత ఉన్నది.’

ఆ తెల్ల గీత దగ్గరే ఉంది వ్యవహారమంతా. కానీ అక్కడికి వెళ్లే ముందు, లైకెన్లందరూ ఒక్క తీరున ఉండరన్న సంగతి చెప్పుకోవాలి. పుస్తకంలో మూడు రకాలు రాస్తారు. పొదలా నిలబడేది, గడ్డంలా వేలాడేది ఫ్రుటికోస్. ఆకుల్లా రెక్కలు విప్పుకొని ఉండేది ఫోలియోస్. మూడోది క్రస్టోస్, అంటే పక్కు కట్టే రకం. ఇందులో రెండో రకాన్ని హైదరాబాదీలు రోజూ తింటున్నారు. బిర్యానీ మసాలా మూటలో పడే నల్లటి, ముడతల ముడతల రాతిపువ్వు, బేగంబజార్‌లో పత్థర్ కా ఫూల్ అని అమ్మేది, ఫోలియోస్ లైకెనే. దానికి పైన ఒక పొర, కింద ఒక పొర ఉంటాయి. కింది పొర నుంచి సన్నటి వేళ్లలాంటివి దిగి చెట్టునో రాయినో పట్టుకుంటాయి. కాబట్టి పీకితే వస్తుంది, ఎండబెట్టి సంచుల్లో నింపొచ్చు.

పక్కు రకానికి ఆ కింది పొర ఉండదు. పైన గట్టి పొర, దాని కింద ఆకుపచ్చ శైవల కణాలు, ఆ కింద తెల్లటి శిలీంధ్రపు పోగులు. ఆ పోగులు తిన్నగా బెరడులోకో రాతిలోకో దిగిపోతాయి. ఎక్కడ లైకెన్ అయిపోయి ఎక్కడ చెట్టు మొదలైందో గీత గీసి చెప్పలేం. గోరుతో గీకితే పొడి రాలుతుందే తప్ప ముక్క ఊడి రాదు. పరిశోధనకు తీసుకెళ్లేవాళ్లు కూడా బెరడుతో సహా చెక్కుకొని, రాయైతే ఉలీ సుత్తీ పెట్టి చితక్కొట్టి తీసుకెళ్లాల్సిందే. బిర్యానీలో పక్కు రకం పడకపోవడానికి ఇంతకన్నా కారణం వెతకనక్కర్లేదు.

నగరంలో నిలబడేది కూడా ఎక్కువగా ఇదే. గాలికి ఒళ్లంతా అప్పగించి వేలాడే ఫ్రుటికోస్ రకం పొగ తగిలితే ముందు పోతుంది. తరువాత ఫోలియోస్ వంతు. అన్నిటికన్నా ఆఖరున పోయేవి సాధారణంగా ఈ అంటుకుపోయినవే. కుర్రాడి పుస్తకం చెప్పింది అబద్ధం కాదు, సగం చెప్పి ఊరుకుంది. కాలుష్యానికి లైకెన్లన్నీ ఒకేలా చావవు. ఏది పోయింది, ఏది మిగిలింది అని చూసి చెప్పడమే సూచిక. అది చెప్పాలంటే మిగిలిన మచ్చ ఎవరిదో, కనీసం ఏ ప్రజాతిదో తెలియాలి. అదుగో, అక్కడ అంచు అవసరం పడుతుంది.

ఆ నల్ల బొట్లు శిలీంధ్రం కాసిన పండ్లు. ఎపోథీసియం అంటారు. అర మిల్లీమీటరు, మహా అయితే ఒక మిల్లీమీటరు ఉంటాయి. అంత చిన్నదే అయినా లూపులో చూస్తే అంచున్న కంచంలా నిండుగా కనిపిస్తుంది. కంచం నడుమ గోధుమరంగో, నలుపో, ఎరుపు కలిసిన మట్టిరంగో ఉంటుంది. అంచు మాత్రం చుట్టూ ఉన్న మచ్చ రంగులోనే, బూడిద తెలుపులో ఉంటుంది. ఎందుకంటే ఆ అంచు మచ్చలోంచే పైకి లేచింది, అందులో కూడా శైవల కణాలున్నాయి. ఇలాంటి పండ్లకు పెద్ద పేరున్న ప్రజాతి లెకనోరా. దానికి ఎదురు కోవలో నిలబడేది లెసీడియా. లెసీడియాకు అంచు అసలే ఉండదనుకునేరు, ఉంటుంది. అది పండు సొంత అంచు. పండులాగే నల్లగా ఉంటుంది, అందులో శైవలం ఉండదు.

అంచు ఒక్కటే చూసి పేరు పెడితే బోల్తా పడతాం. పండును బ్లేడుతో సన్నగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి సిద్ధబీజాలు కూడా చూడాలి. చిన్న సంచుల్లో మామూలుగా ఎనిమిదేసి ఉంటాయి. శైవలమున్న అంచు, రంగులేని ఒంటిగది సిద్ధబీజం అయితే లెకనోరా. సొంత అంచు, సిద్ధబీజం అలాంటిదే అయితే లెసీడియా. శైవలమున్న అంచుండి సిద్ధబీజం గోధుమరంగులో, రెండు గదులతో ఉంటే రైనోడినా. సొంత అంచు, గోధుమరంగు, రెండు గదులు అయితే బ్యులియా. పంతొమ్మిదో శతాబ్దపు పండితులు వేసిన ఈ లెక్కలో తరువాత ఎన్నో సవరణలు వచ్చాయి గానీ, కొత్తగా నేర్చుకునేవాడు ఇవాళ్టికీ మొదలుపెట్టేది ఇక్కడే. కుర్రాడు చూసిన నల్ల బొట్టు, తెల్ల అంచు లెకనోరాదైనా కావాలి, రైనోడినాదైనా కావాలి. చెట్టు కింద నిలబడి తేల్చడం ఎవరి తరమూ కాదు. అతనికి అదే చెప్పాను. ‘ఆన్సర్ రెండు ఆప్షన్లుంటె క్వశ్చన్ డిలీట్ చేస్తరు సార్’ అన్నాడు. అశోక్‌నగర్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇన్ని ప్రజాతులుగా విడదీయడం ఎప్పటి సంగతనుకుంటున్నారు? 1753లో లిన్నేయస్ మొక్కలన్నిటికీ పేర్లు పెట్టినప్పుడు లైకెన్లన్నిటినీ ఒకే ప్రజాతిలో వేసి, దానికి లైకెన్ అనే పేరు పెట్టి చేతులు దులుపుకున్నాడు. అంతా కలిపి ఎనభై జాతులు. ఆయనకు వాటి మీద పెద్ద గౌరవం కూడా లేదు, వృక్షలోకంలో నిరుపేద పల్లెటూరి జనంగా లెక్కగట్టాడు. ఆయన ఆఖరి శిష్యుల్లో ఒకడైన ఎరిక్ అకారియస్ స్వీడన్‌లో వాడ్‌స్టెనా అనే ఊళ్లో డాక్టరీ చేసుకుంటూ, గురువు వదిలేసిన ఆ గంపను విప్పి కూర్చున్నాడు. థాలస్, ఎపోథీసియం అని మన పిల్లలు బట్టీ పట్టే మాటలు ఆయన వాడుకలోకి తెచ్చినవే. లెసీడియా 1803లో, లెకనోరా ఆ దశాబ్దం చివర్లో ఆయన చేతి మీదుగానే వచ్చాయి. రైనోడినాను ఆయన ఒక ఉపవిభాగంగా పెడితే 1821లో గ్రే అనే ఆంగ్లేయుడు ప్రజాతి హోదా ఇచ్చాడు. అకారియస్‌కు మైక్రోస్కోపు అండ పెద్దగా లేదు. బయటి రూపం చూసి, అంచు చూసి ఇంత పని చేశాడంటే నమ్మబుద్ధి కాదు.

మైక్రోస్కోపునూ సీసాల్లోని మందునూ తెచ్చి పెట్టినవాడు విలియం నైలాండర్. ఫిన్లాండ్ మనిషి, పారిస్‌లో స్థిరపడ్డాడు. 1866లో రెండు పనులు చేశాడు. ఒకటి, లైకెన్ మీద కాస్టిక్ పొటాష్ చుక్క, బ్లీచింగ్ పౌడర్ నీళ్ల చుక్క వేసి రంగు మారిందా లేదా చూసి జాతుల్ని విడదీయొచ్చని చెప్పాడు. లెకనోరాల్లో చాలావాటి మీద పొటాష్ చుక్క వేస్తే పసుపు రంగు తేలుతుంది, అందులో అట్రనోరిన్ అనే పదార్థం ఉండబట్టి. గోడల మీద నారింజరంగులో కనిపించే కలోప్లాకా మీద అదే చుక్క వేస్తే ఎర్రటి ఊదా రంగు తిరుగుతుంది. సిద్ధబీజం రెండు కొసల్లో రెండు గదులు, నడుమ సన్నటి నాళం ఉండడం ఆ ప్రజాతికి గుర్తు. నైలాండర్ రెండో పని, పారిస్ లక్సెంబర్గ్ తోటలోని లైకెన్ల జాబితా రాసి, నగరంలో మిగతాచోట్ల అవి ఎందుకు లేవో గాలికి ముడిపెట్టి చెప్పడం. ముప్పై ఏళ్ల తరువాత, 1896లో మళ్లీ రాసేసరికి ఆ తోటలోవి కూడా కనుమరుగయ్యాయి. అశోక్‌నగర్ బిట్టుకు పుట్టిల్లు ఆ తోటే.

అంత తెలివైనవాడూ ఒక్క విషయంలో మొండికేశాడు. 1867లో స్విట్జర్లాండ్‌కు చెందిన సైమన్ ష్వెండెనర్ లైకెన్ అంటే ఒక జీవి కాదు, శిలీంధ్రమూ శైవలమూ కలిసి ఉండడం అని చెబితే నైలాండర్ ఒప్పుకోలేదు. 1899లో పోయేవరకూ ఒప్పుకోలేదు. ఇప్పుడు మనకది ఒక మార్కు బిట్టు. ఆ రోజుల్లో పెద్ద కొట్లాట. 2016లో టోబీ స్ప్రిబిల్ బృందం కొన్ని లైకెన్ల పై పొరలో ఈస్టు జాతి శిలీంధ్రం కూడా ఉందని చూపించి, ఇద్దరి కాపురంలో మూడో మనిషిని తెచ్చి కూర్చోబెట్టింది. అన్నిట్లోనూ అది ఉంటుందా, ఉండి ఏం చేస్తుంది అన్న వాదన ఇంకా నడుస్తోంది. నైలాండర్ ఉంటే ఏమనేవాడో!

పేరు మాటెలాగూ వచ్చింది గనుక ఒక చిన్న నిబంధన. లైకెన్‌కు పెట్టే శాస్త్రీయ నామం చట్టప్రకారం అందులోని శిలీంధ్రానిదే. శైవలానికి విడిగా వేరే పేరుంటుంది. లెకనోరా మచ్చలో ఉండే శైవలం ట్రెబౌక్సియా. వంట చేసేది అదే, ఎండలోంచి చక్కెర తయారుచేసి పెట్టేది అదే, ఇంటి బయట బోర్డు మీద మాత్రం శిలీంధ్రం పేరే. లెకనోరా పేరు ఆ ఒక్క ప్రజాతితో ఆగలేదు. అది చేరిన కుటుంబం లెకనోరేసీ, క్రమం లెకనోరేలీస్, తరగతి లెకనోరోమైసిటీస్. ప్రపంచంలోని లైకెన్లలో ఎక్కువభాగం ఈ తరగతి కిందికే వస్తాయి.

ఇక లెకనోరాల్లో ఒక దాని కథ మీకు చెప్పి తీరాలి. లెకనోరా కోనిజియోయిడిస్. పచ్చటి బూడిదరంగులో, పొడిపొడిగా, చూపులకు ఏమంత గొప్పగా ఉండదు. పంతొమ్మిదో శతాబ్దం నడుమకు ముందు ఇంగ్లండ్‌లో దీన్ని చూసినవాడు లేడు. బొగ్గు పొగ పెరిగిన కొద్దీ ఇది పెరిగింది. మిగతా లైకెన్లు చచ్చిపోయి చెట్లు బోసిపోతుంటే, ఆ ఖాళీ బెరళ్ల మీద ఇది ఒక్కటే పరుచుకుంది. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో ఒక కొలబద్ద ప్రచురించారు. చెట్టు మీద ఏ లైకెన్లున్నాయో చూసి గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఎంతుందో చెప్పే పద్ధతి అది. సున్నా నుంచి పది దాకా మండలాలు. సున్నాలో చెట్టు ఒట్టిది. ఒకటిలో మొదలు దగ్గర ఆకుపచ్చ శైవలం మాత్రం. రెండో మెట్టులో అడుగుపెట్టేది ఈ లెకనోరాయే. అంటే కాలుష్య సూచిక అనే మాటకు రెండర్థాలూ ఇక్కడ కలిశాయి. లేకపోవడమూ సూచికే, ఉండడమూ సూచికే. మరో చిత్రం చూడండి. 1952లో లండన్‌ను పొగమంచు ఊపిరాడకుండా చేశాక 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది, క్రమంగా బొగ్గు పొయ్యిలు పోయాయి, గాలి తేటపడింది. తేటపడేసరికి ఈ లెకనోరా తట్టుకోలేకపోయింది. ఒకప్పుడు ప్రతి చెట్టునూ కప్పేసినది ఇప్పుడు లండన్‌లో వెతికినా దొరకడం కష్టం. కాలుష్యం తగ్గినందుకు నష్టపోయిన జీవి ఉందా అని ఎవరైనా అడిగితే ధైర్యంగా దీని పేరు చెప్పొచ్చు. ఇది చలి దేశాల సరుకు, నారాయణగూడలో వెతక్కండి.

నారాయణగూడలో వెతకాల్సింది వేరే. ముందు గాలి సంగతి. బిట్టులోని సల్ఫర్ డయాక్సైడ్ మన దగ్గర ఇప్పుడు అంత పెద్ద నేరస్థుడు కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పెట్రోలు, డీజిలు వచ్చాయి, వాటిలో గంధకం పది లక్షల పాళ్లకు పది పాళ్లు. అంతకుముందు బీఎస్-4లో యాభై ఉండేది. హైదరాబాద్ గాలితో అసలు పేచీ ధూళితో, వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సాయంత్రం ఆట వదిలే వేళ ఐదు నిమిషాలు నిలబడితే పుస్తకం అవసరం లేదు, ముక్కే చెబుతుంది. 2023 ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా ఉక్కు వంతెన వచ్చింది. బండ్లు పైకి లేచాయి, కింద చెట్లకు నీడా దుమ్మూ మిగిలాయి. దుమ్ము పొరలా కప్పితే లైకెన్‌కు వెలుతురు అందదు. కాబట్టి ఇక్కడ లైకెన్ లేదు గనుక సల్ఫర్ ఎక్కువ అని రాస్తే మార్కు పడొచ్చు, మాట మాత్రం నిలవదు. బెరడు ఊడిపోయే జామ, నీలగిరి చెట్ల మీద గాలి ఎంత శుభ్రంగా ఉన్నా లైకెన్ నిలదొక్కుకోలేదు. పాత మామిడి, కానుగ, నిద్రగన్నేరు నయం. ఎదురెండ ఎక్కువ పడని వైపు చూడాలి. పెద్ద రోడ్డు వదిలి సందుల్లోకి, పాత ఇళ్ల ఆవరణల్లోకి వెళ్లాలి. మేల్కోటే పార్కు, ఇందిరాపార్కు చెట్లు పొద్దున్న నడకకు వెళ్లేవాళ్లకు ఎలాగూ దారిలోనే ఉంటాయి.

చెట్టే కాదు, రాయి కూడా చూడండి. హైదరాబాద్ గ్రానైటు ఊరు, రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటి బండలు. దాని మీద బతికే పక్కు రకాలు వేరు. మన పాత ఇళ్ల నేలకూ అరుగులకూ పరిచిన షాబాద్ బండ సున్నపురాయి, సిమెంటు గోడ కూడా సున్నం గుణమే. వాటి మీద నిలిచేవి ఇంకో జట్టు. ఒకే ఇంట్లో గ్రానైటు మెట్టు మీద ఒకరు, ప్రహరీ గోడ మీద మరొకరు. నారింజరంగు కలోప్లాకా కోవకు చెందినవి సున్నపు గోడల్ని ఇష్టపడతాయి.

మోసపోయే చోట్లూ చాలా ఉన్నాయి. పావురాల రెట్ట, సున్నం చిందిన చుక్కలు, ఎవరో పుణ్యాత్ముడు ఉమ్మిన కిళ్లీ, కోచింగ్ సెంటర్ పోస్టరు చింపాక మిగిలిన మైదా జిగురు, ఇవన్నీ దూరం నుంచి లైకెన్ వేషం వేస్తాయి. వాటర్ ట్యాంకు కింద గోడ మీద కారిన నల్ల చారలు లైకెన్ కాదు, ఎక్కువగా నీలి ఆకుపచ్చ శైవలాలు. పరీక్ష సులువు. చిన్న స్ప్రే సీసాతో నీళ్లు చల్లండి. లైకెన్ అయితే పై పొర తడిసి పారదర్శకమై, నిమిషంలోపే బూడిదరంగులోంచి ఆకుపచ్చ తేలుతుంది. మైదా జిగురు ఎంత తడిసినా మైదా జిగురే.

మన దేశంలో ఈ పని గట్టిగా చేసినవాళ్లు లక్నోలో ఉన్నారు. లక్నో విశ్వవిద్యాలయంలో ధరణీధర్ అవస్థీ వేసిన పునాది అది. భారత్, నేపాల్, శ్రీలంకల్లోని ఇలాంటి చిన్న లైకెన్లను గుర్తుపట్టడానికి 1991లో ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ బల్ల మీద ఉండాల్సిందే. మన దేశంలో రెండున్నర వేలకు పైగా లైకెన్ జాతులున్నాయి. తరువాత అక్కడి జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో డి.కె. ఉప్రేతి, సంజీవ నాయక ఆ పని ముందుకు తీసుకెళ్లారు. బెంగళూరు లాల్‌బాగ్ చెట్ల మీది లైకెన్లలో ఎంత సీసం, ఎంత జింకు పేరుకుందో వాళ్లు కొలిచారు. 2012లో వచ్చిన మరో పరిశోధనలో కాన్పూర్ చెట్ల మీది రైనోడినా సోఫోడిస్‌ను తీసుకొని, వాహనాల పొగలోంచి వచ్చే పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లను అది ఎంత పీల్చి దాచుకుందో తేల్చారు. గమనించారా, కాన్పూర్ లాంటి ఊళ్లో వాళ్లకు పనికొచ్చింది నల్ల బొట్టు, తెల్ల అంచున్న పక్కు రకమే. మన తెలుగునేల మీద కడప యోగి వేమన విశ్వవిద్యాలయం వాళ్లు లక్నో వాళ్లతో కలిసి తూర్పు కనుమల లైకెన్ల జాబితాలు రాస్తున్నారు. అడవులకు జాబితాలొస్తున్నాయి, సంతోషం. వీధులకూ రావాలని నా కోరిక. చిక్కడపల్లిలో చెట్లెన్నో, వాటి మీద మచ్చలెన్నో రాసిపెట్టుకుంటే పదేళ్ల తరువాత పోల్చి చూసుకోవడానికి ఒక కాగితమైనా ఉంటుంది.

డీఎన్ఏ చదవడం వచ్చాక పాత పేర్లు చాలా చెదిరాయి. 2013లో కలోప్లాకా ఉన్న కుటుంబాన్ని విడగొట్టి ముప్పైకి పైగా కొత్త ప్రజాతుల్ని ఏర్పరిచారు. లెకనోరాలోంచీ కొందరు వేరు కాపురాలు పెట్టారు. ఐరోపా కాలిబాటల మీద నమిలి పారేసిన చూయింగ్ గమ్‌లా కనిపించే లెకనోరా మ్యూరాలిస్ ఇప్పుడు ప్రోటోపార్మెలియాప్సిస్. పలకడానికే నోరు తిరగదు. అంచు అనేది ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఆస్తి కాదని, చాలా కుటుంబాల్లో విడివిడిగా పుట్టిందని తేలింది. అయినా లూపు పట్టుకున్నవాడికి అంచే దిక్కు. జన్యువులు చెట్టు కింద కనిపించవు.

ఒక బిట్టు ఉచితంగా ఇస్తాను, రాసుకోండి. 2005లో ఐరోపా అంతరిక్ష సంస్థ ఫోటాన్-ఎం2 ఉపగ్రహంలో రైజోకార్పన్ జియోగ్రాఫికమ్ అనే పక్కు రకాన్ని పంపి, సుమారు రెండు వారాలు ఆ శూన్యంలో, ఆ ఎండలో వదిలేశారు. తిరిగొచ్చి నీళ్లు తగలగానే మళ్లీ పని మొదలుపెట్టింది. అంత గట్టి ప్రాణం. పెరగడంలో మాత్రం మహా నిదానం. ఇలాంటి పక్కు రకాల్లో చాలావాటికి ఏడాదికి మిల్లీమీటరు పెరగడమే గొప్ప, అందులో సగమూ పెరగనివి కొల్లలు. మీ అరచేతంత మచ్చ కనిపిస్తే, అది అక్కడ చేరేనాటికి మీ అమ్మ బడికి కూడా వెళ్లి ఉండదేమో.

ఇంతటిదాన్నీ ఒక్క పూటలో చంపేది రంగు డబ్బా. ఏటా చెట్ల మొదళ్లకు కింద ఎర్రమన్ను రంగు, పైన సున్నం పట్టీ వేయిస్తారు. కాలనీ సంఘాలు వేయిస్తాయి, అపార్టుమెంట్ల వాళ్లు వేయిస్తారు, పండగలకూ జెండా పండగకూ వేయిస్తారు. ఆ రంగు పట్టే నాలుగడుగుల మేరలోనే మనం వంగకుండా, నిచ్చెన ఎక్కకుండా లైకెన్లను చూడగలిగేది. చూడటానికి ముచ్చటగా ఉంటుందంటారు, సరే. మీ వీధిలో ఈసారి రంగు వేయించేది మీరే అయితే, ఎండ తక్కువ పడే వైపు ఒక జానెడు వెడల్పు వదిలేయమని పనివాడితో చెప్పండి. పోస్టర్లు అంటించే కోచింగ్ సెంటర్ల వారికి కూడా ఇదే మనవి. మీ పిల్లలకు చెప్పే బిట్టు ఆ పోస్టరు కిందే ఉంది, దయచేసి జిగురు గోడకు రాయండి.